నేవీ టగ్ చరిత్ర: ఐఎన్ఎస్ అని వెతికితే దొరకదు

మీ తాతగారు విశాఖ నేవల్ డాక్‌యార్డ్ టగ్ (పెద్ద ఓడల్ని లాగే, నెట్టే పడవ) మీద పనిచేశారని, ఐఎన్ఎస్ అని పెట్టి ఎంత వెతికినా ఆ టగ్ కనబడడం లేదని రాశారు. కనబడదండీ. ఐఎన్ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అన్నది కమిషన్ అయిన, అంటే నేవీ లాంఛనంగా యుద్ధనౌకల్లో చేర్చుకున్న ఓడకే. సముద్రంలోకి వెళ్లే మాతంగ లాంటి పెద్ద టగ్‌కు ఆ హోదా ఉంది. రేవు లోపల తిరిగేవి మాత్రం ఉత్త యార్డ్ క్రాఫ్ట్, అంటే డాక్‌యార్డ్ పనులకు వాడే పడవలు. వాటి మీద ఉండేదీ ఎక్కువగా సివిలియన్లే: లాస్కర్లు (డెక్ మీది పనివాళ్లు), టిండేలు (వాళ్ల మేస్త్రీలు), సరంగు (వాళ్లందరి పైవాడు), ఇంజన్ డ్రైవరు.

మా నాన్న లాస్కరుగా చేరి సరంగుగా రిటైరయ్యాడు. ఆయన పోయాక పెన్షన్ పని మీద సర్వీస్ బుక్ నకలు తీసుకున్నాం. నిండా ఇంక్రిమెంట్లూ సెలవులే. టగ్ పేరు ఒకే ఒక్క చోట ఉంది, ఎడమచేతి ఉంగరపు వేలు నలిగిన రోజు రాసిన పేజీలో. మోకుకీ, దాన్ని చుట్టి కట్టే ఇనుప దిమ్మె బొల్లార్డ్‌కీ మధ్య పడి పై కణుపు పోయింది. "ఉండకూడని చోట చెయ్యి పెట్టాను" అనేవాడు, అంతే.

మన లోపలి రేవు 1933లో తెరిచింది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి దారి. చుక్కాని మాట వినాలంటే ఓడకు వేగం కావాలి, ఆ దారిలో వేగం పనికిరాదు. అందుకే టగ్గులు. టగ్‌ను గట్టుకి కట్టి పూర్తి ఇంజన్‌తో లాగించి, ఎన్ని టన్నుల బలమో కొలుస్తారు, దాన్నే బొల్లార్డ్ పుల్ అంటారు. ఇప్పుడు మన హిందుస్థాన్ షిప్‌యార్డే నేవీకి 50 టన్నులవి కట్టి ఇచ్చింది.

సమాచార హక్కు కింద టగ్ వివరాలు అడిగితే, భద్రత పేరు చెప్పి ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(ఎ) కింద కాదనొచ్చు. దానికంటే కుటుంబం తరఫున తాతగారి సర్వీస్ బుక్ నకలు అడగండి. పదోన్నతులు చూసి ఊరుకోకండి, గాయాలు, మెడికల్ పేజీలు తిరగేయండి. పేరు దొరికినా తేదీలు సరిచూసుకోండి, నేవీ పాత పేర్లను కొత్త ఓడలకు మళ్లీ పెడుతుంటుంది.

పాత ఫొటో ఉంటే టగ్ ముక్కు దగ్గర పేరు కోసం చూడండి. మా ఇంట్లో ఒకటుంది, నాన్న నవ్వుతూ నిలబడ్డాడు. పేరులో సగం మాత్రం వేలాడదీసిన టైరు వెనక్కి పోయింది.