నాన్న తాగుడుకు నువ్వు తలదించుకోనక్కరలేదు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

బడి మానేస్తానని పట్టుబట్టావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీ నాన్న తాగి బడి గేటు దగ్గరకు వచ్చిన నాటి నుంచి, నువ్వు తరగతిలో అడుగుపెట్టగానే ఇద్దరు కుర్రాళ్లు తూలుతూ నడిచి చూపిస్తున్నారనీ, హాజరు వేసేటప్పుడు నీ పేరు వినబడగానే వెనక బెంచీ నుంచి "క్వార్టర్" అంటున్నారనీ విని నా మనసు చివుక్కుమంది.

స్నేహితులు ఆటపట్టిస్తే మనమూ నవ్వుతాం, వద్దంటే వాళ్లు ఆగుతారు. నువ్వు కళ్లనీళ్లు పెట్టుకున్నా ఆపనివాళ్లు చేసేది వేధింపే. అయినా చెయ్యి మాత్రం చేసుకోకు, తప్పంతా నీ మీదకు తిరుగుతుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, పీరియడు, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు అన్నది ఏ రోజుకారోజు రాసిపెట్టు. "ఏడిపిస్తున్నారు సార్" అని నోటితో చెబితే "పట్టించుకోకురా" అని పంపేసే ఉపాధ్యాయులను నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను; తేదీలతో సహా కాగితం చేతికిస్తే అలా పంపడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తోటి విద్యార్థిని అవమానించడాన్నీ భయపెట్టడాన్నీ నేరంగానే చూస్తుంది, ఫిర్యాదు అందినా కదలని సంస్థ అధిపతిని ఆ నేరానికి సహకరించినవాడిగా లెక్కిస్తుంది. కాబట్టి ఫిర్యాదు చేయడమంటే ఎవరినో బతిమాలుకోవడమని అనుకోకు.

ఇక ఇంటి సంగతి. రాత్రిళ్లు గొడవ మొదలైతే మధ్యలోకి వెళ్లకుండా చెల్లెల్ని తీసుకుని పక్కింటి అత్తయ్యగారింట్లో కూర్చో. సీసాలు దాచడం, పారబోయడం వంటివి చేయకు. నువ్వు బాగా చదివితేనో, ఎదురు చెప్పకుండా ఉంటేనో ఆయన మానేస్తారన్న ఆశతో నిన్ను నువ్వు నలిపేసుకోకు. తాగుడు వ్యసనం వైద్యం అవసరమైన జబ్బు. ఏళ్లతరబడి బాగా తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఒక్కోసారి మూర్ఛ కూడా రావచ్చు కనుక డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఆ మాట ఆయనతో నేను మాట్లాడతాను, అది పెద్దవాళ్ల పని. నీ మీద చెయ్యి పడితే పిల్లల సహాయవాణి 1098కి, అమ్మ మీద పడితే మహిళల సహాయవాణి 181కి ఫోను చెయ్యి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఏ వేళనైనా సరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 టెలిమానస్‌కు చెయ్యి, నాకూ చెయ్యి. అర్ధరాత్రని మొహమాటపడకు.

"నేనెందుకూ పనికిరాను" అన్నావట. సంక్రాంతికి వచ్చినప్పుడు, భాగహారంలో శేషం అర్థంకాక ఏడుస్తున్న చెల్లెలి ముందు నువ్వు 17 చింతగింజలు పోసి ఐదు కుప్పలుగా పంచమన్నావు, కుప్పకు మూడేసి పెట్టాక చేతిలో మిగిలిన రెండింటినీ చూసి ఆ పిల్ల తనంతట తానే "ఇదేనా శేషం?" అంది. నువ్వు జవాబు నోటితో చెప్పేయకుండా ఆగావు చూడు, ఆ ఓపిక శిక్షణ పొందిన ఉపాధ్యాయుల్లోనూ అందరికీ ఉండదు. నిన్ను సంతోషపెట్టడానికి అంటున్న మాట కాదిది, లెక్కలు చెప్పి రిటైరైనదానిగా అంటున్నాను. సాయంత్రాలు మీ వీధిలో చిన్నపిల్లలు ఇద్దరు ముగ్గురికి లెక్కలు చెప్పు. వెనక బెంచీవాళ్లు పెట్టిన పేరు తప్ప నీకు ఇంకో పేరు వినబడే చోటు ఒకటి ఉండాలి.

వచ్చే శనివారం పొద్దుటి బస్సుకు వస్తాను. అమ్మా నేనూ కలిసి హెడ్మాస్టరుగారి దగ్గరకు వెళతాం, నోటుపుస్తకం రాసి సిద్ధంగా ఉంచు. అప్పటిదాకా ఒక్క రోజు కూడా బడి మానకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ