బ్లడ్ కల్చర్‌లో బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ వచ్చింది, జ్వరం ఎందుకు తగ్గడం లేదు?

మీ అమ్మగారు చెన్నైలో ఐసీయూలో ఉన్నారని, బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) ఈ బ్యాక్టీరియా పేరు వచ్చిందని, సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఇస్తున్నా జ్వరం తగ్గడం లేదని రాశారు. మా మామయ్యగారికి ఇదే బ్యాక్టీరియా వస్తే చెన్నైలోనే నయమైంది. నేను డాక్టర్‌ని కాదండీ, దగ్గరుండి చూసింది చెబుతున్నాను.

ఇది రక్తంలోకి ఎక్కడి నుంచి చేరిందో కనుక్కున్నారా? ఈరోజే డాక్టర్‌గారిని ఆ మాట అడగండి. ఈ బ్యాక్టీరియా మనందరి పెద్దపేగులో ఉండేదే. రక్తంలో కనబడిందంటే పేగుకు చిల్లు పడడమో, అపెండిక్స్ పగలడమో, కడుపులో ఎక్కడో చీముగడ్డ కట్టడమో జరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఆ చీము లోపలే ఉంటే ఎంత మంచి మందు ఎక్కించినా జ్వరం తిరగబెడుతూనే ఉంటుంది. మామయ్యగారికి కాంట్రాస్ట్ సీటీ (రంగు మందు ఎక్కించి తీసే స్కాన్) తీస్తే పెద్దపేగు పక్కన గడ్డ కనబడింది. స్కాన్‌లో చూస్తూ సన్నటి గొట్టం వేసి చీము బయటికి తీశారు. జ్వరం దిగింది ఆ తర్వాతే.

ఇక మందులు. అమికాసిన్ బ్యాక్టీరియా లోపలికి వెళ్లాలంటే ఆక్సిజన్ కావాలి. ఇది ఆక్సిజన్ లేని చోట పెరిగే రకం కాబట్టి దాని మీద ఆ మందు పనిచేయదు. సెఫ్ట్రియాక్సోన్‌ను కూడా చాలావరకు తన ఎంజైమ్‌తో విరగ్గొట్టేస్తుంది. మామయ్యగారికి మెట్రోనిడజోల్ కలిపారు. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్ కూడా సాధారణంగా పనిచేస్తాయి. ఏది ఇవ్వాలో డాక్టర్లే చెప్పాలి, కానీ కల్చర్ రిపోర్ట్ చూశాక మందు మార్చారా అని అడిగే హక్కు మీకుంది. అమ్మగారు వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే తప్పకుండా చెప్పండి, మెట్రోనిడజోల్‌తో కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది.

అసలు మీకు పేరు తేలడమే మేలు. మామయ్యగారిని నెల్లూరులో మొదట చూపించిన చోట యాంటీబయాటిక్ మొదలుపెట్టాక, ఒక్క ఏరోబిక్ (ఆక్సిజన్ ఉండే) బాటిల్‌లోనే రక్తం తీశారు. రిపోర్ట్‌లో ‘నో గ్రోత్’, అంటే ఏమీ పెరగలేదని. ఆ కోపం నాకింకా పోలేదు. చెన్నైలో రెండు చేతుల నుంచీ ఏరోబిక్, అనరోబిక్ (ఆక్సిజన్ లేని) బాటిళ్ల జతలుగా, బాటిల్‌కు 8-10 మిల్లీలీటర్ల చొప్పున తీశారు. అనరోబిక్ వాటిలోనే పెరిగింది. మళ్లీ కల్చర్ పంపితే ఆ అనరోబిక్ బాటిల్ ఉందో లేదో చూసుకోండి.

సీటీ ఇంకా తీయకపోతే సర్జన్‌ని కూడా పిలిపించమనండి. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తుంటాను.