లప్పం ఊడిపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది అంబర్‌పేట. మే నెలలో పడకగదికి, హాలుకు పెయింటింగ్ పని మెటీరియల్‌తో సహా ఒక కాంట్రాక్టర్‌కు ఇచ్చాం. మొత్తం 62 వేలు. అందులో 20 వేలు నగదు, మిగతాది ఫోన్‌పేలో పంపాం. అగ్రిమెంటు రాసుకోలేదు. జులై వానలు పడగానే పడకగదిలో బాత్‌రూమ్ వైపు గోడ మీద లప్పం ఉబ్బి పెచ్చులుగా ఊడుతోంది. కిటికీ గోడ మీద చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుతోంది. అడిగితే "మీ గోడలో నెమ్ముంది, నా తప్పు లేదు. మళ్లీ చేయాలంటే ఇంకో 25 వేలు ఇవ్వండి" అంటున్నాడు. మా అత్తయ్యకు ఆయాసం, ఆ పొడికి బాగా ఇబ్బంది పడుతున్నారు. గది వెంటనే బాగు చేయించుకుంటే కేసు పోతుందా? పోలీసులకు చీటింగ్ ఫిర్యాదు ఇవ్వవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: గది బాగు చేయించుకోవచ్చు, కేసూ వేయవచ్చు. ముందు సాక్ష్యం పోగేయండి, ఆ తర్వాతే గోడ గీకించండి. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. విచారణకు వచ్చేసరికి గోడ కొత్త రంగుతో మెరిసిపోతుంటుంది, అంతకుముందు ఎలా ఉండేదో చూపించడానికి వాళ్ల దగ్గర సరైన ఫోటో ఒక్కటీ ఉండదు.

మీ కాంట్రాక్టర్ చెబుతున్న నెమ్ము సంగతి చూద్దాం. ఆ మాట ఆయనకంటే మీకే ఎక్కువ పనికొస్తుంది. లప్పం పెట్టే ముందు గోడ పొడిగా ఉందో లేదో చూడటం పెయింటర్ పనిలో భాగం. పైగా అది బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ, అనుమానం రావాల్సిన చోటే. నెమ్ము ఉంటే "ముందు లీకేజీ ఆపించండి, ఆరాక నేను వస్తాను" అని చెప్పాలి. చెప్పకుండా పని చేసి, డబ్బు మొత్తం తీసుకుని, ఊడిపోయాక గోడను తప్పుపడితే వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) కింద దాన్ని సేవాలోపంగా చూపించవచ్చు. అయితే ఒక విషయం నిజాయితీగా గుర్తు చేసుకోండి. ఆయన ముందే హెచ్చరించినా "పర్లేదు, ఫంక్షన్ ఉంది, కానివ్వండి" అని మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? అని ఉంటే ఆ గోడ వరకు మీ కేసు బలహీనపడుతుంది. కిటికీ గోడ సంగతి మాత్రం వేరు. అక్కడ పొడి రాలుతోందంటే కలపడంలోనో, పాత సున్నం గీకకపోవడంలోనో, సరుకులోనో తేడా ఉండి ఉంటుంది.

ఊడిన పెచ్చులను ఊడ్చి పారేయకండి. వాటి వెనక వైపు చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. పాత సున్నమో డిస్టెంపరో అంటుకుని వచ్చిందంటే సరిగ్గా గీకకుండానే లప్పం పెట్టారని అర్థం. పెచ్చు మరీ మందంగా ఉంటే, గోడ ఎగుడుదిగుళ్లను ప్లాస్టరింగ్‌తో సరిచేయకుండా లప్పంతోనే నింపేశారన్నమాట. లప్పం పలుచటి కోటుగా వేయాలి, అది ఆరాకే రెండోది. పెచ్చు లేచిన చోట ప్లాస్టరింగ్ తడిగా, ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంటే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. ఈ పెచ్చులను గోడ వారీగా విడివిడి కవర్లలో వేసి తేదీ రాసి ఉంచండి. మిగిలిన లప్పం ఉన్నా, ఖాళీ బస్తా ఉన్నా దాచండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ దాని మీదే ఉంటాయి. సరుకే నాసిరకమని తేల్చాల్సి వస్తే అదే చట్టం సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ నమూనాను సీలు వేయించి ల్యాబ్‌కు పంపగలదు. మెటీరియల్ కూడా కాంట్రాక్టరే తెచ్చాడు కాబట్టి సరుకుకైనా పనికైనా మీకు జవాబు చెప్పాల్సింది మొదట ఆయనే. లేబర్ రేటుకు మాట్లాడుకుని సరుకు మీరే కొని ఉంటే, బస్తా నాసిరకమైనప్పుడు షాపును, తయారీ కంపెనీని కూడా చేర్చాల్సి వచ్చేది.

ఫోటోలు, వీడియో పగటి వెలుతురులో తీయండి. గది మొత్తం ఒకటి, ఆ తర్వాత దగ్గర నుంచి కొన్ని. దీనికి తోడు ఒక సివిల్ ఇంజినీర్‌ను పిలిచి గోడ చూపించి, కారణం ఏమిటో, బాగు చేయడానికి ఎంతవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. కొంత ఖర్చవుతుంది, కానీ నా ఉద్దేశంలో ఈ కేసులో అన్నిటికంటే బరువైన కాగితం ఇదే. తర్వాత ఆయనతో అఫిడవిట్ వేయించవచ్చు.

అగ్రిమెంటు లేదని టెన్షన్ పడకండి. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు దానికి రుజువు. నగదు ఇచ్చిన 20 వేలకు ఆధారం లేదు కనుక ఈరోజే కాంట్రాక్టర్‌కు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: మే నెలలో మొత్తం 62 వేలు తీసుకుని చేసిన పనిలో ఫలానా గోడలు పాడయ్యాయి, వచ్చి చూడండి అని. ఆయన మొత్తం గురించి అభ్యంతరం చెప్పకుండా "నెమ్ము వల్లే" అని జవాబిచ్చినా మీకు మేలే. ఆ ఫోన్ మార్చకండి, చాట్ తీసేయకండి. వాటిని కమిషన్‌లో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 ప్రకారం అవి ఏ ఫోన్ నుంచి, ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ జతచేయండి.

ఆ తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. 15 రోజుల్లో ఉచితంగా సరిచేయకపోతే వేరే వాళ్లతో చేయించి ఖర్చు మీ నుంచి రాబడతామని రాయండి. నోటీసు తప్పనిసరి కాదు, కానీ అవకాశం ఇచ్చారని చూపించడానికి పనికొస్తుంది. మీ అత్తయ్యగారిని అన్నాళ్లూ ఆ గదిలో ఉంచకండి. ఈలోగా పొడి రాలే గోడకు ప్లాస్టిక్ షీటు కట్టండి. గడువు దాటితే నిక్షేపంగా పని మొదలుపెట్టవచ్చు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కూడా నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉందా లేదా అని చూడమంటుంది. అందుకని బాగు చేయించుకోవడం మీకు వ్యతిరేకం కాదు. మొదట బాత్‌రూమ్ లీకేజీ ఆపించి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టరింగ్ దాకా గీకించి, అప్పుడు లప్పం పెట్టించండి. తొందరపడితే రెండోసారీ ఊడుతుంది. ప్రతి పనికీ వేరే బిల్లు తీసుకోండి. లీకేజీ మరమ్మతు ఖర్చు కాంట్రాక్టర్ మీద వేయడం న్యాయం కాదు, అది మీ ఇంటి పని. గీకుడు, లప్పం, ప్రైమర్, రంగు ఖర్చు అడగండి. నీళ్లు పై ఫ్లాట్ బాత్‌రూమ్ నుంచి వస్తుంటే ఆ యజమానికి, అసోసియేషన్‌కు వేరే లేఖ రాయండి. ఇది రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోకి వచ్చే ప్రాజెక్టులో ఫ్లాటై, స్వాధీనం చేసి ఐదేళ్లు కాకపోతే రెరా చట్టం సెక్షన్ 14(3) కింద నిర్మాణ లోపాన్ని బిల్డర్ ఉచితంగా సరిచేయాలి.

పోలీసుల దగ్గరికి వెళ్లొద్దు. చీటింగ్ కావాలంటే మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. పని బాగా చేయకపోవడం ఒక్కటే దానికి సరిపోదు. అలాగే గోడలకు లప్పం పట్టిన రోజుకూలీ కుర్రాళ్లను కేసులోకి లాగకండి. మీతో మాట్లాడి డబ్బు తీసుకున్నది కాంట్రాక్టర్.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్నిసార్లు అక్కడితోనే దారికొస్తారు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే చోటే వేయవచ్చు. అంబర్‌పేట హైదరాబాద్ జిల్లాలోకి వస్తుంది. అదే ఉప్పల్, కూకట్‌పల్లి వాళ్లయితే మేడ్చల్-మల్కాజిగిరి, ఎల్బీనగర్ వాళ్లయితే రంగారెడ్డి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ల్యాబ్ పరీక్ష అవసరం లేకపోతే మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది. పరిహారం లక్షల్లో అడగాలనిపిస్తుంది, అలా చేయకండి. బిల్లులు, ఇంజినీర్ ఫీజు, మీ అత్తయ్యగారి డాక్టర్ చీటీల ఆధారంగా కొంత పరిహారం, కేసు ఖర్చులు, ఇంతే అడిగితే కమిషన్ మీ మాటను నమ్ముతుంది. ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్లు. "వచ్చే నెల చేస్తా, పండగయ్యాక చేస్తా" అని ఆయన ఫోన్‌లో చెప్పే మాటల వల్ల ఆ గడువు పెరగదు.