సైకిల్ పోయిందా? ముందు నంబరు చెప్పండి

"అక్కా, సైకిల్ పోయింది."

సెప్టెంబరు వచ్చిందంటే నా ఫోన్‌లో ఈ మాట మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లో చదువులు మొదలయ్యేది అప్పుడే. డెల్ఫ్ట్‌కో, ఐంధోవెన్‌కో మాస్టర్స్ చేయడానికి వచ్చిన మన పిల్లలు మొదటి వారంలోనే సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కుంటారు. చలి ముదరకముందే కొందరిది పోతుంది. నేనిక్కడికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. నాదీ రెండుసార్లు పోయింది. ఒకటి దొరికింది, ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

ఫోన్ చేసిన వాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: "నంబరు ఎంత?" అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత "ఏ నంబరక్కా?" అంటారు. బండికి నంబర్ ప్లేటు ఉంటుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సైకిల్‌కీ నంబరు ఉంటుందని ఎవరూ చెప్పి ఉండరు. పోయిన సైకిల్ దొరికే దారి ఏదైనా ఉందంటే అది ఆ నంబరు గుండానే వెళ్తుంది. అందుకే దీన్ని సైకిల్ పోయినవాళ్ల కంటే ముందు నిన్న మొన్న కొన్నవాళ్లు చదవాలని నా కోరిక.

ఈ దేశ జనాభా కోటీ 80 లక్షలైతే సైకిళ్లు 2 కోట్ల 30 లక్షల దాకా ఉంటాయి. దొంగతనం ఇక్కడ వింతేమీ కాదు. ఆఫీసులో డచ్చివాళ్లకు చెబితే "అయ్యో, నాది నాలుగుసార్లు పోయింది" అని భుజాలెగరేస్తారు. వాళ్లకు పట్టదని అనుకోకండి. 1942లో జర్మన్ సైన్యం ఇక్కడి జనం సైకిళ్లు లాక్కుపోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఫుట్‌బాల్‌లో జర్మనీ ఎదురుపడితే "మా సైకిల్ మాకిచ్చేయండి" అని కేకలేసేవాళ్లు. సైకిల్ పోతే ఎంత బాధో తెలిసిన జనమే.

ఇక అసలు సంగతి. పోయిందని తేల్చుకునే ముందు నిజంగా పోయిందో లేదో చూడండి. యూట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ ఉంది, ప్రపంచంలో అంత పెద్దది లేదంటారు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ ముందు 2023లో నీటి అడుగున కట్టిన దాంట్లో 7,000 పడతాయి. ఇలాంటి చోట ఏ వరుసలో, పైన పెట్టామా కింద పెట్టామా అనేది సాయంత్రానికి గుర్తుండదు. నల్ల సైకిళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. పెట్టగానే వరుస నంబరుతో సహా ఒక ఫోటో తీసుకోండి. కనపడకపోతే అటూ ఇటూ రెండేసి వరుసలు, పై అర కూడా వెతకండి.

అక్కడా లేకపోతే రెండో అనుమానం మునిసిపాలిటీ మీద. నా రెండో సైకిల్ కథ ఇదే. ఆ రోజు వాన, స్టాండుల్లో ఖాళీ లేదు, రైలుకు నాలుగు నిమిషాలు ఉంది. స్టేషన్ ముందున్న ఇనప రెయిలింగుకి గొలుసుతో కట్టేసి పరుగెత్తాను. సాయంత్రం దిగి చూస్తే రెయిలింగు ఖాళీ. ఇంటికి నడుచుకుంటూ వెళ్లి ఏడ్చాను కూడా. మర్నాడు తోటి ఉద్యోగి నన్ను అదే చోటికి తీసుకెళ్లి అక్కడున్న బోర్డు చదివి వినిపించాడు. రోజూ దాని పక్క నుంచే వెళ్లేదాన్ని, డచ్‌లో ఉందని ఎప్పుడూ చదవలేదు. స్టాండు బయట పెట్టిన సైకిళ్లను తొలగిస్తాం, ఫలానా డిపోలో ఉంచుతాం అని ఉంది.

ఊరి చివర ఆ డిపో. కంచె లోపల ఎటు చూసినా సైకిళ్లే, ఒక్కో దానికి ఒక కాగితం చీటీ. కౌంటర్‌లో పెద్దాయన రంగు అడిగాడు. నలుపు అన్నాను. లోపల ముప్పావు వంతు నలుపే. ఇంకేదైనా గుర్తు ఉందా అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. దసరాకి హ్యాండిల్ మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను, వానకి చాలావరకు కరిగిపోయినా రెండు ఇనప ముక్కల సందులో ఎర్రగా మిగిలింది. క్యారియర్‌కి మా అమ్మ పాత చీర అంచు చుట్టి ఉంది, ఆకుపచ్చ మీద జరీ. పది నిమిషాల్లో నడిపించుకుంటూ తెచ్చాడు. నా తాళంచెవి పెట్టి తిప్పమన్నాడు. తిరిగింది. నాదేననడానికి ఆయనకు కావలసిన రుజువు అదే. రుసుము కట్టి తెచ్చుకున్నాను. కాబట్టి సైకిల్ పోయినా తాళంచెవి పారేయకండి, ఎక్కడుందో తెలిసేవరకు దాచండి.

డిపోలో ఎల్లకాలం ఉంచరు. కొన్ని వారాలే, ఆ తర్వాత అమ్మేస్తారు. కనుక ఆలస్యం చేయకండి. చాలా మునిసిపాలిటీలు తొలగించిన సైకిళ్ల వివరాలను 'ఫెర్లోరెన్ ఓఫ్ ఖెఫొండెన్' అనే వెబ్‌సైట్లో పెడతాయి. పోయినవి, దొరికినవి అని దాని అర్థం. ఏ రోజు, ఏ వీధి, ఏ రంగు అని వెతకొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవలు కూడా ఉన్నాయి లెండి. ఏటా వాటిలోంచి 12 వేల నుంచి 15 వేల సైకిళ్లు తోడి తీస్తారు. అందులో పడ్డదాన్ని వెతకడం మన వల్ల కాదు.

డిపోలోనూ లేదంటే దొంగ పనే. ఆ సాయంత్రమే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. దీన్ని ఇక్కడ 'ఆన్‌ఖిఫ్తె' అంటారు. డిజిడి, అంటే ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి వెళ్లే లాగిన్, ఉంటే పోలీసుల వెబ్‌సైట్లో ఇంట్లోంచే పెట్టొచ్చు. వచ్చిన కొత్తలో డిజిడి ఉండదు, దాని కోడ్ ఉత్తరంగా ఇంటికి రావాలి. అలాంటప్పుడు 0900-8844కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి. కళ్లముందే ఎవరైనా గొలుసు కోస్తుంటే మాత్రం 112కి చేయాలి. ఫిర్యాదులో కంపెనీ, రంగు, ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిలోగా పోయింది, ఏ తాళం వేశారు, ఫ్రేమ్ నంబరు ఎంత అని అడుగుతారు.

"ఎలాగూ వాళ్లు వెతకరు కదక్కా, ఎందుకు?" అని చాలామంది వదిలేస్తారు. ఒక్క సైకిల్ కోసం పోలీసులు వీధులు గాలించరు, నిజమే. నా మొదటి సైకిల్ విషయంలో కొన్ని వారాలకు ఒక ఉత్తరం వచ్చింది, ఆధారాలు లేవు, విచారణ ముగిస్తున్నాం అని. మనసు చివుక్కుమంది. కానీ ఫిర్యాదు పెడితే ఆ నంబరు దొంగసొత్తు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కడో ఒక వ్యాను పట్టుబడి అందులో సైకిళ్లు దొరికితే పోలీసులు ఆ నంబర్లు కొట్టి చూసే జాబితా అదే. జాబితాలో లేకపోతే మీ సైకిల్ వాళ్ల చేతికి దొరికినా ఎవరిదో తెలియని సైకిల్‌గానే ఉంటుంది. పైగా ఎక్కడ ఎక్కువ పోతున్నాయో ఫిర్యాదులను బట్టే తెలుస్తుంది. లోపల జీపీఎస్ దాచిన ఎర సైకిళ్లు కూడా ఇక్కడి పోలీసులు పెడుతుంటారు, వాటిని పెట్టేది అలాంటి చోటే.

నంబరు ఎక్కడ ఉంటుందో చెబుతాను. ఈ రాత్రికే చూడండి. సైకిల్‌ను తిరగేయండి. పెడళ్లు కలిసే చోట కింద గుండ్రటి గొట్టం ఉంటుంది, చాలా సైకిళ్లకు దాని అడుగున చెక్కి ఉంటుంది. అక్కడ లేకపోతే సీటు కింది గొట్టం మీద, అదీ కాకపోతే హ్యాండిల్ కింద ముందు గొట్టం మీద చూడండి. పాత సైకిలైతే బురద, నూనె కలిసి గట్టిపడి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఫోన్ లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి. అప్పుడు అంకెలు నీడతో పైకి కనిపిస్తాయి. నా దాంట్లో ఒక 8 ఉంది, 3 అనుకుని రాసుకున్నాను. వేలితో తడిమి చూస్తే గానీ తెలియలేదు. ఫోటో తీసి, మీకు మీరే మెయిల్ పంపుకోండి, కొన్న రసీదు ఫోటోతో కలిపి. పక్కనుంచి మొత్తం సైకిల్ ఫోటో ఒకటి, గీతలు, సొట్టలు, మీరు చుట్టిన చీర అంచు ఉంటే అది కూడా. ఇదంతా పది నిమిషాల పని. నా మొదటి సైకిల్‌కి నేను ఇది చేయలేదు. ఫిర్యాదులో నంబరు గడి ఖాళీగా వదిలాను. అది దొరక్కపోవడానికి నా లెక్కన సగం కారణం ఆ ఖాళీ గడే.

సొంతంగా వెతకొచ్చా? వెతకండి. పాత సామాన్లు అమ్ముకునే మార్క్ట్‌ప్లాట్స్ వెబ్‌సైట్లో మీ సైకిల్ కంపెనీ, రంగు, ఊరు పెట్టి రోజూ చూడండి, పక్క ఊళ్లలోనూ చూడండి. మీ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో ఫోటో పెట్టండి. కనబడితే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఫిర్యాదు నంబరు చెప్పి పోలీసులకు తెలపండి. కొనేవాళ్లలా నటిస్తూ ఒక్కరే ఆ ఇంటికి వెళ్లకండి. ఎవరి ఇల్లో, లోపల ఎంతమందో తెలియదు, ఈ దేశంలో మీ వెనక అమ్మా నాన్నా లేరు. వీధిలోనే మీ సైకిల్ వేరే తాళంతో కనబడినా ఆ తాళం కోయకండి. మీరు కోస్తుంటే చూసేవాళ్లకు దొంగ మీరే. అక్కడే నిలబడి పోలీసులకు ఫోన్ చేయండి, వాళ్లొచ్చాక నంబరు చూపించండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట. మన పిల్లవాడొకడు, వచ్చి నెల కాలేదు, రాత్రి పూట వంతెన దగ్గర ఎవరో ఆపి అడిగితే 25 యూరోలకు సైకిల్ కొన్నాడు. తాళంచెవి లేదు, రసీదు లేదు. చవగ్గా దొరికిందని అందరికీ చూపించాడు. కొన్ని వారాల తర్వాత క్యాంపస్ స్టాండులో ఆ సైకిల్ పక్కన ఒకామె నిలబడి ఉంది. తన ఫోన్‌లో ఫోటో చూపించింది. అదే సైకిల్, ఫోటోలో దాని ముందు చిన్నపిల్లల సీటు బిగించి ఉంది. సీటు తీసేశారు గానీ దాన్ని బిగించిన చోట రంగు లేచిపోయిన రెండు గుండ్రటి మచ్చలు అలాగే ఉన్నాయి. వాడు మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట్లో పెట్టలేదు. "ఆవిడ పాపని దేంట్లో తీసుకెళ్తుందక్కా ఇన్నాళ్లూ" అన్నాడు.

ఆమె పోలీసులను పిలవలేదు. పిలిచి ఉంటే వాడి మీద కేసయ్యేది. దొంగసొత్తు కొనడాన్ని ఇక్కడ 'హేలింగ్' అంటారు. తెలిసి కొంటే నేరం, తెలియకపోయినా అనుమానించి ఉండాల్సిన పరిస్థితిలో కొంటే అదీ నేరమే. రాత్రి, వంతెన మీద, 25 యూరోలు, తాళంచెవి లేదు. ఇంతకంటే అనుమానం ఏం కావాలి? రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే నేర చరిత్ర చూస్తారు. పోలీసుల 'స్టాప్ హేలింగ్' వెబ్‌సైట్లో, యాప్‌లో ఫ్రేమ్ నంబరు కొడితే దొంగసొత్తుగా నమోదైందో లేదో చెబుతుంది. అమ్మేవాళ్ల ముందే కొట్టి చూడండి, నిజమైన మనిషి ఏమీ అనుకోడు. నంబరు చెరిపేసి ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. వీలైతే దుకాణంలోనే కొనండి. విడి మనిషి దగ్గర కొన్నది దొంగ సైకిల్ అని తేలితే, పోయిన రోజు నుంచి మూడేళ్లలోపు అసలు యజమాని తిరిగి తీసుకోవచ్చు, మీ డబ్బు పోయినట్టే. నిజాయితీగా దుకాణంలో కొన్న మామూలు కొనుగోలుదారుకు చట్టంలో రక్షణ ఉంది.

తాళాల గురించి ఎక్కువ చెప్పను. వెనక చక్రానికి ఉండే గుండ్రటి తాళం ఒక్కటే చాలదు, ఇద్దరు ఎత్తి వ్యానులో పడేస్తారు. దానితోపాటు గొలుసు, ఫ్రేమ్ లోంచి దూర్చి కదలని దేనికైనా కట్టాలి. తాళాల నాణ్యతకు ఇచ్చే ఏఆర్‌టీ ముద్ర, కనీసం రెండు నక్షత్రాలు ఉన్న గొలుసు కొనండి. గొలుసు నేల మీద ఆనకుండా పైకి బిగించండి, ఆనితే కట్టర్‌కి నేలే దన్ను.

సైకిల్ బీమా విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఇంటి సామాను బీమా మామూలుగా వీధిలో పోయిన సైకిల్‌కి వర్తించదు, తాళం వేసిన ఇంట్లోనో గోదాములోనో పగలగొట్టి తీసుకెళ్తేనే. సైకిల్ బీమా విడిగా ఉంటుంది, క్లెయిమ్‌కి రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటి పోగొట్టుకుంటే పేచీ. 120 యూరోల పాత సైకిల్‌కి బీమా అవసరం లేదు, ఎలక్ట్రిక్ సైకిల్‌కి తప్పకుండా తీసుకోండి. ఈ గొడవంతా వద్దనుకుంటే ముందు చక్రం నీలంగా ఉండే సైకిళ్లు అద్దెకిచ్చే స్వాప్‌ఫీట్స్ అనే కంపెనీ ఉంది, 2014లో డెల్ఫ్ట్‌లోనే మొదలైంది. నెలకింత అద్దె. పోతే తాళంచెవి అప్పజెప్పి నిర్ణయించిన మొత్తం కడితే వేరేది ఇస్తారు. మొదటి ఏడాదికి మంచి దారే.

ఇండియా వెళ్లేటప్పుడు మాత్రం సైకిల్‌ను స్టేషన్‌లో వదలకండి. అక్కడ ఇన్ని రోజులే అని పరిమితి ఉంటుంది, దాటితే చీటీ అంటించి తీసేస్తారు. ఇంటి కింది గదిలో పెట్టి, రెండో తాళంచెవి ఊళ్లో ఉండే స్నేహితులకు ఇచ్చి వెళ్లండి. గత సంక్రాంతికి మా ఇంటి కింద అలాంటివి మూడు ఉన్నాయి. ఇంకొకటి పడుతుంది.