దేశాల పేర్లు పక్కన పెట్టి రాయి: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

దక్షిణాసియా సహకారం మీద నువ్వు పంపిన వ్యాసం అందిందమ్మా. వాక్యం శుభ్రంగా ఉంది, తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

వ్యాసం చివర్లో ఎక్కడో ఇలా రాశావు: "2015లో భారత్, బంగ్లాదేశ్‌లు తమ భూభాగాలను మార్చుకుని సరిహద్దు సమస్యను పరిష్కరించుకున్నాయి." అంతే. వెంటనే దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సభల దగ్గరికి వెళ్లిపోయావు. ఆ వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. నీ వ్యాసం మొత్తంలో రాయదగ్గ విషయం అదొక్కటే. దాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు.

ఆ భూభాగాల్లో ఎవరున్నారో చూశావా? బంగ్లాదేశ్ లోపల 111 భారత భూభాగాలు, భారత్ లోపల 51 బంగ్లాదేశ్ భూభాగాలు. అక్కడివాళ్లు వాటిని ఛిట్‌మహల్ అంటారు. 2011లో రెండు దేశాలూ కలిసి లెక్క తీస్తే మొత్తం 51,549 మంది తేలారు. చుట్టూ పరాయి దేశం. సొంత దేశంలో అడుగు పెట్టాలంటే చుట్టూ ఉన్న దేశపు వీసా కావాలి, ఆ వీసా తెచ్చుకోవాలంటే ముందు దొంగతనంగా సరిహద్దు దాటాలి. పిల్లల్ని బడిలో చేర్చాలంటే పక్క ఊళ్లో ఎవరినో తండ్రిగా రాయించాలి. కరెంటు తీగలు నెత్తిమీదుగా పోయేవి, ఇంట్లోకి వచ్చేవి కావు. పోలీసు లేడు, కోర్టు లేదు. వీటన్నిటికీ మూలంలో ఇంకొకటి ఉంది. వాళ్లకు ఓటు లేదు.

ఇందిరా గాంధీ, ముజీబుర్ రహ్మాన్ ఈ ఒప్పందం మీద సంతకాలు చేసింది 1974 మే 16న. బంగ్లాదేశ్ ఆ ఏడాదే ఆమోదించింది. మన పార్లమెంటు 2015 మే నెలలో ఆమోదించింది. నలభై ఏళ్లకు పైగా ఎందుకు పట్టిందో నువ్వు అడగలేదు. రాజ్యాంగ సవరణ కావాలి కాబట్టి అంటావేమో. నిజమే. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగాన్ని సవరించాల్సిందేనని పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారీలో కొంత పాకిస్తాన్‌కు ఇచ్చే వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. కానీ ఆ నలభై ఏళ్లలో ఎన్ని సవరణలు జరగలేదు? దీన్ని వ్యతిరేకించినవాళ్లకు అస్సాంలో, పశ్చిమ బెంగాల్‌లో ఓట్లున్నాయి. దీనివల్ల బాగుపడేవాళ్ల చేతిలో ఒక్క ఓటూ లేదు. నలభై ఏళ్ల ఆలస్యానికి నాకు తెలిసిన అతి పెద్ద కారణం ఇదే. ఏ ఎంపీ కూడా వాళ్ల కోసం నిద్ర పాడుచేసుకోవాల్సిన అవసరం రాలేదు.

మార్పిడి 2015 జులై 31 అర్ధరాత్రి జరిగింది. 2016 మే 5న పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లా కూచ్‌బెహార్‌లో శాసనసభ ఎన్నికల పోలింగ్. అప్పటిదాకా ఏ జాబితాలోనూ లేని మనుషులు ఆ రోజు వరసలో నిలబడ్డారు. వాళ్లలో పండు ముసలివాళ్లు కూడా ఉన్నారు. నువ్వు మొదలుపెట్టాల్సింది ఆ వరస దగ్గర. దాన్ని వదిలేసి సార్క్ 1985 డిసెంబరులో ఢాకాలో పుట్టింది అని మొదలుపెట్టావు.

నేను ఏళ్లుగా అందరికీ చెబుతూ విసిగించే మాట ఇది, నీకూ చెబుతాను. రాజకీయ వ్యాసంలో దేశం పేరును కర్తగా పెట్టి వాక్యం రాయకు. "భారత్ భావించింది", "పాకిస్తాన్ అలిగింది", "నేపాల్ ఆగ్రహించింది" అని రాసిన ప్రతిచోటా నువ్వు ఒక మనిషిని దాచేస్తున్నావు. దేశానికి మనసు ఉండదు, అలక ఉండదు. ఒక పదవిలో ఉన్న మనిషి ఉంటాడు, అతని పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ఒక తేదీ ఉంటుంది, అతన్ని గెలిపించగల, ఓడించగల జనం ఉంటారు. ప్రజాస్వామ్యం కొత్తగా నిలదొక్కుకుంటున్న చోట ఇది మరీ ముఖ్యం. అక్కడ ఒకసారి ఓడిపోతే ఐదేళ్లు ఆగి మళ్లీ వద్దాంలే అనే నమ్మకం నాయకులకు ఉండదు. ఓటమి అంటే జైలు కావచ్చు, పరాయి దేశానికి పారిపోవడం కావచ్చు. అంత టెన్షన్‌లో ఉన్న మనిషి పొరుగు దేశంతో ఏ కాగితం మీద సంతకం పెడతాడు, దేని మీద పెట్టడు అన్నది ఆ లెక్కతోనే తేలుతుంది.

భూటాన్ గురించి రాసిన వాక్యం చూడు. "బీబీఐఎన్ మోటారు వాహనాల ఒప్పందంపై భూటాన్ వెనకడుగు వేసింది" అన్నావు. 2015 జూన్‌లో థింపూలోనే బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ నాలుగు దేశాల మంత్రులు సంతకాలు చేశారు. భూటాన్ దిగువ సభ ఆమోదించింది. 2016లో ఎగువ సభ తిరస్కరించింది. పెద్ద దేశాల లారీలు, టాక్సీలు తమ ఇరుకు కొండ రోడ్ల మీదికి వస్తే డ్రైవర్ల బతుకుతెరువు ఏమవుతుంది, అడవులు ఏమవుతాయి అన్నది అక్కడి భయం. 2017లో ప్రభుత్వం మిగతా ముగ్గురినీ మీరు కానివ్వండి అంది. 2008లో మొదటిసారి సాధారణ ఎన్నికలు చూసిన దేశంలో, ప్రభుత్వం సంతకం చేసి వచ్చిన ఒప్పందాన్ని చట్టసభ ఆపగలిగింది. సహకారం విఫలమైన కథగా నువ్వు రాశావు. ప్రజాస్వామ్యం పని చేసిన కథగా నేను చదువుతాను. రెండూ నిజమే, ఆ రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడే చోటే నీ వ్యాసం ఉంది.

బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్‌కు పారే తీస్తా నది నీళ్ల పంపకం విషయంలోనూ అంతే. 2011 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ఢాకా ప్రయాణానికి సిద్ధమయ్యారు, ముసాయిదా తయారుగా ఉంది. ఆయనతో వెళ్లాల్సిన మమతా బెనర్జీ చివరి నిమిషంలో రానన్నారు. ఒప్పందం ఆగిపోయింది. చట్టం మాటకొస్తే, విదేశాలతో ఒప్పందాలను అమలు చేసే అధికారం 253వ అధికరణ కింద పార్లమెంటుదే. కేంద్రం కావాలంటే ముందుకు పోవచ్చు. కానీ ఆనాటి కేంద్ర ప్రభుత్వానికి ఆమె పార్టీ తృణమూల్ ఎంపీలు 19 మంది దన్నుగా ఉన్నారు. ఆమె ముఖ్యమంత్రి అయ్యి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఉత్తర బెంగాల్ రైతుకు ఎండాకాలం నీళ్లు తగ్గుతాయన్న మాట ఆమె మీదికి రావడం ఆమెకు ఇష్టం లేదు. నువ్వు మాత్రం "భారత్ చిత్తశుద్ధి చూపలేదు" అని రాసి ఊరుకున్నావు. బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ రైతుకు ఆ వాక్యం ఏం చెబుతుంది? ఉత్తర బెంగాల్‌లోని జల్పాయిగురి రైతుకు ఏం చెబుతుంది?

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. నేను పత్రికలో చేరిన కొత్తలో ఓటరు జాబితాల మీద ఒక వ్యాసం రాశాను. ఎన్నికల కార్యాలయంలో ఒక మూల కూర్చుని, కొట్టేసిన పేర్లు ఒక్కొక్కటీ చదివి రాసినది. మా సంపాదకుడు అందులో పేర్లు కొట్టేసిన పద్ధతి గురించిన భాగమంతా తీసేశాడు. "ఇవన్నీ ఎవరు చదువుతారు? నాయకుడు ఏమన్నాడో రాయి" అన్నాడు. మిగిలిన ముక్క లోపలి పేజీలో, ప్రకటనల మధ్య వచ్చింది. అదే వారం ఒక శిఖరాగ్ర సభ జరిగితే, నాయకులు చేతులు కలిపిన ఫొటో మొదటి పేజీ సగం ఆక్రమించింది. ఆ సభలో ఏం తేలిందో ఆ పత్రికలో ఎవరూ రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఇప్పటి సంపాదకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ప్రతి వ్యాసానికీ చివర్లో "ఏం చేయాలి" అని ఐదు సూచనలు కావాలంటారు. నీ వ్యాసం చివర కూడా ఐదు ఉన్నాయి. రాజకీయ సంకల్పం, పరస్పర విశ్వాసం, ప్రజల మధ్య సంబంధాలు... వాటిని నువ్వు నమ్మి రాశావని నేను అనుకోను. ఎవరో అడుగుతారని రాశావు. తీసెయ్యి.

యూరోపియన్ యూనియన్‌తో పోలిక కూడా తీసెయ్యి. నేను రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ పోలిక నడుస్తోంది. సార్క్ నియమావళిలో పదో అధికరణ చదువు. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలు చర్చకు రాకూడదు. ఎవరికి వాళ్లు తమ ఇంటి రాజకీయంలోకి పొరుగువాడి చూపు పడకుండా ముందే కట్టుకున్న గోడ అది. అందుకే 2014లో బంగ్లాదేశ్‌లో ప్రతిపక్షం ఎన్నికలు బహిష్కరించి, 300 స్థానాల్లో 153 చోట్ల పోటీ లేకుండానే ఫలితం తేలిపోయినా, ఆ సంస్థ నోరు విప్పే వీలు లేదు. అదే ఏడాది నవంబరులో కాఠ్మాండూలో నాయకులంతా కలిశారు. ఆ తర్వాత సభే జరగలేదు. 2016లో ఉరీ దాడి తర్వాత ఇస్లామాబాద్ సభ రద్దయింది, అంతటితో ఆగిపోయింది.

పోలిక కావాలంటే పశ్చిమ ఆఫ్రికా వైపు చూడు. అక్కడి ప్రాంతీయ కూటమి ఎకోవాస్ దేశాలు 2001లో ఒక ప్రోటోకాల్ రాసుకున్నాయి. ఎన్నికలకు ముందు ఆరు నెలల్లో, రాజకీయ పక్షాల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే తప్ప ఎన్నికల చట్టాలను పెద్దగా మార్చకూడదని అందులో ఉంది. అలాంటి వాక్యం మన ప్రాంతంలో ఏ ఒప్పందంలోనైనా ఊహించగలవా? గాంబియాలో ఓటరు గాజు గోళీతో ఓటేస్తాడు. అభ్యర్థి ఫొటో అంటించిన డబ్బాలో గోళీ వేస్తే లోపల గంట మోగుతుంది, రెండోసారి మోగితే అధికారికి తెలిసిపోతుంది. చదువురానివాడు కూడా ఎవరి సాయం లేకుండా ఓటేయగల ఏర్పాటు. 2016 డిసెంబరు 1న ఆ గోళీలు 22 ఏళ్లుగా గద్దె మీదున్న యాహ్యా జమ్మేను ఓడించాయి. ముందు ఒప్పుకున్నాడు, వారం తిరిగేసరికి మాట మార్చాడు. గెలిచిన అడామా బారో పొరుగు దేశం సెనెగల్‌లో, డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేయాల్సి వచ్చింది. ఎకోవాస్ సైన్యం సరిహద్దు దాటింది. రెండు రోజులకు జమ్మే దేశం విడిచిపోయాడు.

ఇది చదివి ఉప్పొంగిపోకు. గాంబియా చిన్న దేశం, మూడు వైపులా సెనెగలే. 2023 జులైలో నైజర్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు అదే ఎకోవాస్ సరిహద్దులు మూసింది, నైజీరియా కరెంటు ఆపేసింది. చీకట్లో కూర్చున్నది సైనికాధికారులు కాదు, మామూలు జనం. ఆ జనం కోపం తిరుగుబాటుదారుల మీదికి పోలేదు. పొరుగువాళ్ల మీదికి పోయింది. 2025 జనవరి 29న నైజర్, మాలీ, బుర్కినా ఫాసో ఆ కూటమి నుంచి బయటపడ్డాయి. పొరుగువాడి ఎన్నికలో కల్పించుకోవాలా వద్దా అని నువ్వు ఉత్తరంలో అడిగావు. కల్పించుకోవాలనే నా నమ్మకం. అయితే దెబ్బ ఎవరికి తగులుతుందో ముందు చూసి కల్పించుకోవాలి. వ్యాసం రాసేవాళ్లం మనం కూడా ముందు అదే చూడాలి.

నీ వ్యాసంలో అసలు లేనిది ఇంకొకటుంది. నాయకులు కలవని ఏళ్లలోనూ దక్షిణాసియా ఎన్నికల సంఘాల అధికారులు కలుస్తూ వచ్చారు. వాళ్లకు ఫెంబోసా అని ఒక వేదిక ఉంది, 2020 జనవరిలో ఢిల్లీలో సమావేశమైంది. మైసూరులో తయారయ్యే చెరగని సిరా ఎన్నో దేశాల ఓటర్ల వేళ్ల మీద పడింది. మన ఓటింగ్ యంత్రాలతో 2014లో నమీబియా ఓటేసింది. ఇంకా వెనక్కి పో. మన తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ 1953లో సూడాన్ వెళ్లి అక్కడి మొదటి పార్లమెంటు ఎన్నికల కమిషన్‌కు అధ్యక్షుడిగా పనిచేశారు. మన దగ్గర తొలి ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి కూతురిని అన్నందుకు జాబితా నుంచి వాళ్లను తీసేసిన మనిషి ఆయన. కఠినమైన పని అది. కానీ పేరుతో వస్తేనే ఓటు అన్నాక, తర్వాతి ఎన్నికలకు స్త్రీలు సొంత పేర్లతో జాబితాకెక్కారు. ఇలాంటి మనిషి ఒకరు ఇక్కడి అనుభవాన్ని మూటగట్టుకుని సూడాన్ వెళ్లారంటే, దాన్ని మించిన ప్రాంతీయ సహకారం ఏ ప్రకటనలో ఉంది?

ఇంగ్లీషులో రాయాలా, ఉద్యోగం మానేయాలా అన్న నీ ఉత్తరంలోని మిగతా ప్రశ్నలు ఇప్పుడు పక్కన పెడుతున్నాను. ముందు ఈ పని చెయ్యి. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా గంగా జలాల ఒప్పందం మీద సంతకం చేశారు. దానికి ముందు బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢాకా వెళ్లి మాట్లాడి వచ్చారు. 2011లో ఆపిన రాష్ట్రమే 1996లో దారి వేసింది. ఎందుకు? అప్పుడు ఎవరి కుర్చీ ఎవరి మీద ఆధారపడి ఉంది, జ్యోతి బసుకు లేని భయం ఏమిటి, ఆయన పార్టీకి ఎక్కడ ఓట్లు పోయే ప్రమాదం లేకపోయింది? ఆ ఒప్పందం గడువు 30 ఏళ్లు. 2026 డిసెంబరుతో నిండిపోతుంది. ఢిల్లీలో, కోల్‌కతాలో, ఢాకాలో దాన్ని తిరగరాయాల్సిన కుర్చీల్లో ఎవరున్నారు, వాళ్లలో ఎవరు ఎవరి ఓటుకు భయపడుతున్నారో కూర్చుని రాయి. దేశం పేరు కర్తగా ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. ఛిట్‌మహల్ భాగం మాత్రం ముందు పంపు, అది ఆగే పని కాదు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి