అద్దం కాస్త పక్కన పెట్టు

అమ్మలూ,

కింది ముందు పళ్ల దగ్గర నీ చిగురు జారిపోయిందనీ, అంగిలి నుంచి పొర తీసి అతుకు వేస్తామన్నారనీ నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకంటే తనకే టెన్షన్ ఎక్కువగా ఉంది. ఆరేళ్ల కిందట నాకు పై కోరపంటికి ఇదే చేశారు కాబట్టి రాస్తున్నాను.

నేను మొదట వెళ్లినచోట చిగురు జారి బయటపడిన పంటి వేరు మీద సిమెంటు పూసి పంపేశారు. ఏడాది తిరక్కుండా అది ఊడింది. నువ్వు మాత్రం చిగుళ్లలోనే ఎండీఎస్ (పళ్ల డాక్టర్ల పీజీ) చేసిన పెరియోడాంటిస్ట్, అంటే చిగుళ్ల డాక్టరు దగ్గరే చేయించుకో. "వేరు పూర్తిగా కప్పుతుందా, ఇంకా జారకుండా ఆపడానికేనా?" అని ముందే అడుగు. పళ్ల మధ్య ఎముకా చిగురూ నిలిచి ఉంటే పూర్తిగా కప్పే అవకాశం బాగుంటుంది. అవి కూడా తరిగిపోయి ఉంటే అంత ఆశ పెట్టుకోకూడదు. ఇది తెలియకపోతే తరవాత డబ్బు దండగైందని కుమిలిపోతావు.

అంగిలిలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ తరవాత నొప్పేమీ తెలియదు. పొర ఎలా తీస్తారో కూడా కనుక్కో. అంగిలి పైపొరని తలుపులా తెరిచి, లోపలి పొర మాత్రం తీసుకుని మూసి కుట్టేస్తే తొందరగా మానుతుంది. పైపొరతో సహా తీస్తే అక్కడ పుండు తెరిచే ఉంటుంది, రెండు మూడు వారాలు మంట తప్పదు. అలాగైతే పుండు మీద కప్పేలా అంగిలికి ప్లేటు చేసిస్తారేమో అడుగు. చిగురే నొప్పెడుతుందని అందరూ అనుకుంటారు గానీ, నన్ను ఏడిపించింది అంగిలే.

అక్కడ రక్తం వస్తే తడిపిన గాజుగుడ్డ మడతపెట్టి, ఇరవై నిమిషాలు కదపకుండా నొక్కి పట్టు. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకు. అప్పటికీ ఆగకపోతే డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. మూడో రోజు పెదవి లాగి అద్దంలో చూసుకున్నాను. అతుకు నానిన అప్పడంలా తెల్లగా ఉంది. కుళ్లిపోయిందనుకుని ఏడ్చాను. కింది నుంచి రక్తనాళాలు అల్లుకునేదాకా అది అలాగే ఉంటుందట, తరవాత మెల్లగా ఎర్రబడింది. కానీ అలా లాగడం వల్ల ఒక కుట్టు వదులైంది. అతుకు కదిలితే ఆ నాళాలు తెగి, అతుక్కోకుండా పోతుందని డాక్టరుగారు చీవాట్లు పెట్టారు.

నాలుగు రోజులు చల్లటి మజ్జిగన్నం, చల్లారిన రాగిజావ తాగు. జంతికలు, ఆవకాయ తరవాత చూద్దాం. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచు చాలు, గడగడా పుక్కిలించకు. పళ్లకి గోధుమరంగు మరకలు పడితే క్లీనింగ్‌లో పోతాయి. రెండు వారాల దాకా అతుకు దగ్గర బ్రష్ తగలనివ్వకు.

నా చిగురు పోయిందే గట్టి బ్రష్‌తో రంపం కోసినట్టు తోమి. నువ్వూ అంతే, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మెత్తటి బ్రష్ ఇప్పుడే కొనుక్కో, పాతది పారెయ్. చెయ్యి మారకపోతే అతుకు కూడా అరిగిపోతుంది. మీ పెదనాన్నకీ ఈ ఆపరేషన్ చెయ్యాలన్నారు, సిగరెట్ మానితేనే చేస్తామన్నారు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

కుట్లు తీసే రోజు చెప్పు, నేనొస్తాను. మీ అమ్మని తీసుకెళ్తే ముందు ఆవిడకి మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

ఇట్లు
మీ పెద్దమ్మ