హెడ్మాస్టర్ కుర్చీ వదిలి పీహెచ్‌డీకి వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. ఒక పల్లెటూరి స్కూల్లో 11 ఏళ్లుగా టీచర్ని. నాలుగేళ్లుగా ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్ బాధ్యత కూడా నాదే. పాఠం చెబుతుండగా ఫోనొస్తుంది, ఫలానా వివరాలు సాయంత్రంలోగా ప్రొఫార్మాలో నింపి పంపమంటారు. సిగ్నల్ కోసం మేడెక్కి, అది పంపి కిందికి దిగేసరికి పీరియడ్ అయిపోతుంది. ఎంఈడీ చేశాను. పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో స్థిరపడాలని ఉంది. మూడు అంశాలు అనుకున్నాను: కాలేజీల్లో చేరికలు, అధ్యాపకుల కెరీర్, గ్రామీణ పాఠశాలల నిర్వహణ. దేనికి ఉద్యోగావకాశాలు ఎక్కువ? రాజీనామా చేసి ఫుల్‌టైమ్‌గా చేరమంటారా? ఇంట్లో మాత్రం వద్దే వద్దంటున్నారు.

జవాబు: మాస్టారూ, మీ మూడు అంశాల్లో రెండోదాని మీద ఇప్పటికే జరిగిన పరిశోధన చదివితే, మీ రాజీనామా ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమెరికాలో ఆరన్ క్లాసెట్, ఇద్దరు సహచరులు కలిసి కంప్యూటర్ సైన్స్, బిజినెస్, చరిత్ర విభాగాల్లో దాదాపు 19,000 మంది అధ్యాపకులు ఎక్కడ పీహెచ్‌డీ చేశారు, ఎక్కడ కొలువు దొరికింది అని లెక్కతీసి 2015లో ప్రచురించారు. పావు వంతు విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లే శాశ్వత స్థాయికి దారితీసే పోస్టుల్లో 71 నుంచి 86 శాతం దాకా ఉన్నారని తేలింది. 2022లో అన్ని సబ్జెక్టులూ కలిపి అంతకంటే పెద్ద లెక్క వచ్చింది. అమెరికాలోనే పీహెచ్‌డీ చేసిన అధ్యాపకుల్లో 80 శాతం మంది సుమారు 20 శాతం విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవాళ్లే. ఆ అంకెలు ఆ దేశానివి, అన్నిచోట్లా అవే ఉంటాయని నేననను. కానీ దాని వెనకున్న కూడికా తీసివేతా మాత్రం ఎక్కడైనా ఒకటే. ఒక ప్రొఫెసర్ తన సర్వీసులో పది పదిహేను మందికి గైడ్‌గా ఉంటాడు, ఆయన రిటైరైతే ఖాళీ అయ్యే కుర్చీ మాత్రం ఒక్కటి. మిగతావాళ్లు గెస్టు ఫ్యాకల్టీగానో, కాంట్రాక్టు మీదో, ప్రతి ఏడాదీ రెన్యువల్ ఆర్డరు కోసం ఎదురుచూస్తూనో ఉంటారు.

మీరు రాజీనామా చేస్తే, థీసిస్ చేతికొచ్చేనాటికి 43, 44 ఏళ్లుంటాయి. అప్పుడు 29 ఏళ్ల పిల్లలతో పాటు ఆ వరుసలో నిలబడాలి. నిలబడకూడదని కాదు. చేతిలో ఉన్న శాశ్వత ఉద్యోగం వదులుకుని నిలబడటం మాత్రం నాకు నచ్చలేదు. ఈ విషయంలో మీ ఇంట్లోవాళ్లదే సరైన మాట.

ఇక కాలేజీ చేరికల సంగతి. ఇది నిజంగా రసవత్తరమైన రంగం, మీకెందుకు నచ్చిందో నాకర్థమైంది. 2008లో అమెరికాలో ఎరిక్ బెటింగర్ బృందం ఒక ప్రయోగం చేసింది. పన్ను రిటర్నులు వేయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి, పిల్లల చదువుకు ఆర్థిక సాయం కోరే ఫారం కూడా అక్కడికక్కడే నింపిపెట్టారు. ఇంకొందరికి ఎంత సాయం వస్తుందో చెప్పి పంపేశారు. ఫారం నింపిపెట్టిన ఇళ్లలో, అప్పటికి హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు మూడేళ్లలోపు రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసిన శాతం 28 నుంచి 36కి పెరిగింది. ఊరికే సమాచారం చెప్పి పంపినవాళ్లలో దరఖాస్తులేమీ పెరగలేదు. అవగాహన సదస్సులకు ఖర్చుపెట్టేవాళ్లు ఒకసారి చదవాల్సిన ఫలితమిది. మిషిగన్ విశ్వవిద్యాలయం విషయంలో సూజన్ డైనార్‌స్కీ బృందం చేసిన పనీ ఇలాంటిదే. పేదింటి ప్రతిభావంతులకు 'నీకు ట్యూషన్ ఫీజు ఉండదు' అని ముందే పేరుపేరునా ఉత్తరం రాశారు. కొత్తగా ఇచ్చే డబ్బేమీ లేదు, ఎలాగూ దక్కేదే ముందుగా ఖాయంచేసి చెప్పారు. ఉత్తరం అందనివాళ్లలో 26 శాతం మంది దరఖాస్తు చేస్తే, అందినవాళ్లలో 68 శాతం మంది చేశారు. చేరినవాళ్లు 12 శాతం నుంచి 27కి పెరిగారు.

చూడటానికి సులువుగా ఉంది కదా? కానీ ఇలాంటి పనికి వేలమంది విద్యార్థుల రికార్డులు కావాలి, వాటిని ఇచ్చే కార్యాలయం కావాలి, గణాంకశాస్త్రంలో గట్టి పట్టు కావాలి. ఆర్థికశాస్త్రం నుంచి వచ్చినవాళ్లు ఈ రంగాన్ని ఎప్పుడో నింపేశారు. మీరు ఇప్పుడు మొదలుపెడితే రెండేళ్లు లెక్కలు నేర్చుకోవడానికే సరిపోతుంది. ఇష్టమైతే నేర్చుకోండి, అది వృథా పోయే విద్య కాదు. థీసిస్‌ను మాత్రం దాని మీద పెట్టకండి.

మూడో అంశమే మీది. ఎందుకో చెబుతాను. మధ్యప్రదేశ్‌లో 1,774 బడుల్లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ ఒక అధ్యయనం చేశారు. అక్కడ స్కూళ్ల నిర్వహణ మెరుగుపరచడానికని పెద్ద కార్యక్రమం పెట్టారు. అధికారులొచ్చి స్కూలుకి మార్కులు వేశారు, లోపాలు రాశారు, అభివృద్ధి ప్రణాళికలు తయారయ్యాయి. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. పిల్లల చదువులో మాత్రం మార్పు లేదు. అయినా దాన్ని విజయంగానే లెక్కేసి, దేశంలో 6 లక్షలకు పైగా స్కూళ్లకు విస్తరించారు. కాగితం ఎందుకు కదిలింది, తరగతి గది ఎందుకు కదల్లేదు? దీనికి జవాబు హెడ్మాస్టర్ గదిలో ఉంటుంది, యూనివర్సిటీ లైబ్రరీలో కాదు. మేడెక్కి దిగిన మనిషికి తెలిసినంతగా, డేటా తెప్పించుకుని చదివేవాడికి తెలియదు.

పైగా మీ మొదటి అంశం కూడా ఇందులో కలిసిపోతుంది. బడి రికార్డులో తండ్రి పేరు ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. పదేళ్ల తర్వాత కాలేజీ దరఖాస్తు దగ్గర ఆ పిల్లాడి పని ఆగిపోతుంది. ఆ అక్షరం రాసిన రోజున ఆ హెడ్మాస్టర్ చేతిలో ఇంకా ఎన్ని పనులున్నాయో ఎవరైనా లెక్కపెట్టారా?

అందుకని రేపట్నుంచే ఒక చిన్న పని మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు వారాల పాటు, ప్రతి అరగంటకీ ఏం చేస్తున్నారో ఒక్క ముక్క రాయండి. 'నాలుగు, ఐదు తరగతులు కలిపి లెక్కలు', 'ప్రొఫార్మా', 'టీసీ కోసం ఒక తల్లి', 'మళ్లీ అదే ప్రొఫార్మా, ఫార్మాట్ మారిందట'. సాయంత్రం కూర్చుని గుర్తుతెచ్చుకుని రాయొద్దు, అప్పటికి మనసు దాన్ని చక్కబెట్టేస్తుంది. తర్వాత చుట్టుపక్కల ఎనిమిది, పది మంది హెడ్మాస్టర్లను అలాగే రాయమని అడగండి. సగం మంది మూడో రోజుకే మానేస్తారు. ఎందుకు మానేశారో అదీ రాసుకోండి, అది కూడా డేటానే.

ఒక జాగ్రత్త. మీ స్కూల్లో మీ కింద పనిచేసే టీచర్లను మాత్రం ఇంటర్వ్యూ చేయకండి. హెడ్మాస్టర్ అడిగితే కాదనలేరు, చెప్పినా మీకు నచ్చేదే చెబుతారు. పరిశోధనల్ని పరిశీలించే కమిటీ ఏదైనా మొదట పట్టుకునే తప్పు ఇదే. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే ఏడాది పాటు పోగేసిన ఇంటర్వ్యూలు మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. పై అధికారుల లిఖితపూర్వక అనుమతి, పాల్గొనేవాళ్ల సమ్మతి పత్రాలు ముందే తీసుకోండి. ఊరి పేరూ బడి పేరూ మార్చినా, చిన్న ప్రాంతంలో 'ఇద్దరు టీచర్లున్న కొండమీది బడి' అనగానే అదెవరిదో అందరికీ తెలిసిపోతుంది. అది కూడా ఆలోచించుకుని రాయాలి.

పార్ట్‌టైమ్‌గా చేర్చుకునే విశ్వవిద్యాలయాలు వెతకండి. ఉద్యోగస్తులంటే కొందరు గైడ్లు ముఖం తిప్పుకుంటారు, మధ్యలో వదిలేస్తారని వాళ్ల భయం. కాబట్టి పేరు చూసి గైడ్‌ని ఎంచుకోకండి. ఆయన దగ్గర ఇప్పటికే చేస్తున్న ఇద్దరితో మాట్లాడి, చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి వెనక్కిస్తారో అడగండి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు మిగతా అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అది.

పీహెచ్‌డీ అయ్యాక ఏంటంటే, యూనివర్సిటీ ఒక్కటే గమ్యం అనుకోవద్దు. టీచర్లకు శిక్షణనిచ్చే కళాశాలలు, పాఠ్యప్రణాళిక సంస్థలు, విద్యాశాఖలో ప్రణాళిక విభాగాలు, విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. వాటిలో హెడ్మాస్టర్ అనుభవానికి థీసిస్ తోడైతే విలువ ఎక్కువ. యూనివర్సిటీ పోస్టు వస్తే వెళ్లండి, ఆ రోజు రాజీనామా రాయడానికి పది నిమిషాలు చాలు.

ఇప్పటికైతే ఆ నోట్‌బుక్ కొనండి. గైడ్‌కి రాసే మొదటి మెయిల్‌లో మీ బయోడేటాతో పాటు అందులోంచి ఒక పేజీ ఫొటో తీసి జతచేయండి, కొట్టివేతలున్నా ఫర్వాలేదు. రాజీనామా మాట ప్రస్తుతానికి లేదని ఇంట్లో ఈ రాత్రే చెప్పేయండి, ఆ రెండు వారాలూ కాస్త ప్రశాంతంగా రాసుకోవచ్చు.